ఏ లెవెల్స్‌లో డిజైన్ అండ్ టెక్నాలజీ: వద్దనే ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫామ్ (మన ఇంటర్ లాంటిది, ఏ లెవెల్స్ చదివేది అక్కడే) దరఖాస్తుల కాలం వచ్చిందంటే కొత్తగా వచ్చిన మనవాళ్లు తప్పకుండా అడిగే సందేహం ఒకటుంది. "మా అమ్మాయి డిజైన్ అండ్ టెక్నాలజీ తీసుకుంటానంటోందండీ. అది క్రాఫ్ట్ పీరియడ్ లాంటిదేగా, ఇంజినీరింగ్‌కి పనికొస్తుందా?"

క్రాఫ్ట్ పీరియడ్ కాదు. యూనివర్సిటీ దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ లెక్కలో, అన్నిటికన్నా పై గ్రేడైన 'ఏ స్టార్' వస్తే 56 పాయింట్లు, మ్యాథ్స్‌కి ఎన్నో దీనికీ అన్నే. రాత పరీక్షల్లో మెటీరియల్స్, తయారీ పద్ధతులతో పాటు లెక్కలూ వస్తాయి. అయితే ఇక్కడ ఎంపీసీ లాగా గ్రూపు కట్టి ఇవ్వరు. సాధారణంగా మూడు సబ్జెక్టులు పిల్లలే ఏరుకోవాలి, చిక్కంతా అక్కడే. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే మ్యాథ్స్ వదలకూడదు. చాలా బ్రాంచీలకు ఫిజిక్స్ కూడా అడుగుతారు. ఆ రెండింటి పక్కన మూడోదిగా ఇది చక్కగా అమరుతుంది. ఫిజిక్స్ తీసేసి ఆ చోట దీన్ని పెడతానంటే మాత్రం, కోరుకున్న కోర్సుల షరతులు ముందు చదివించండి.

సగం మార్కులు రాత పరీక్షకి, సగం ఎన్ఈఏ అనే సొంత ప్రాజెక్టుకి. మన పిల్లలు తడబడేది ఈ రెండో సగంలో. నిజంగా ఇబ్బంది పడుతున్న ఒక మనిషిని వెతుక్కుని, ఆ ఇబ్బందికి పరిష్కారం డిజైన్ చేసి, తయారుచేసి, వాడించి చూడాలి. మాకు తెలిసిన ఒకమ్మాయి, పూజకి కింద కూర్చోలేని వాళ్ల నాయనమ్మ కోసం పీట చేసింది. ముందు అట్టతో చేసి కూర్చోబెడితే పెద్దావిడ లేవలేకపోయారు. మోకాలి ఎత్తు కొలిచి, పీట ఎత్తు పెంచి, ఒకవైపు చేతికి పట్టు పెట్టింది. మళ్లీ కూర్చోబెట్టి, ఎక్కడ చెయ్యి ఆనిస్తున్నారో ఫొటోలు తీసి ఫోల్డర్‌లో రాసింది. ఆ తర్వాతే చెక్క ముట్టుకుంది. మార్కులు తెచ్చేది నునుపుగా పాలిష్ చేసిన చెక్క ఒక్కటే కాదు. ఏది ఎందుకు మార్చారో చూపించే ఆ పేజీలకూ మార్కులున్నాయి.

ఇక్కడ తల్లిదండ్రులకి గట్టిగా ఒక మాట. మీరు ఇంజినీర్లే కావచ్చు, డ్రాయింగ్ మీరు గీసివ్వకండి. ఆ పని పిల్లలదేనని టీచర్ సంతకం పెట్టాలి. టీచర్ వేసిన మార్కులను పరీక్ష బోర్డు మళ్లీ సరిచూస్తుంది. ప్రశ్నలు అడగండి, వినండి, అంతవరకే.

ఈ సబ్జెక్టు అన్ని స్కూళ్లలో ఉండదు. ప్రొడక్ట్ డిజైన్, డిజైన్ ఇంజినీరింగ్, ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్స్ అని మూడు దారులున్నా, ఎక్కువగా దొరికేది మొదటిదే. జీసీఎస్ఈలో (మన టెన్త్ లాంటిది) ఈ సబ్జెక్టు చదవని పిల్లల్ని కొన్నిచోట్ల తీసుకుంటారు, కొన్నిచోట్ల తీసుకోరు. ఇండియా నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఈ సంగతి ఈమెయిల్‌లో ముందే అడగాలి. స్కూలు చూడటానికి రమ్మని పిలిచే ఓపెన్ ఈవినింగ్‌కి వెళ్లినప్పుడు వర్క్‌షాప్ చూడండి, నిరుటి పిల్లల ఫోల్డర్ ఒకటి చూపించమనండి, సామాను ఖర్చు ఎవరిదో కనుక్కోండి.