చూడటం తప్పా, అమ్మా?

ప్రశ్న: అమ్మా, నాకు 16 ఏళ్లు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నోరు పెగలదు. బస్సులోనో లైబ్రరీలోనో కూర్చుని ఎవరినో ఒకరిని గమనిస్తుంటాను. ఫోన్ జేబులో పెట్టి వెంటనే మళ్లీ తీసే ఆయన, చెప్పు తెగితే ఎవరూ చూడకముందే పిన్నీసు పెట్టేసుకున్న ఆవిడ... అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. కొన్నాళ్లుగా లైబ్రరీకి ఒక అమ్మాయి వస్తోంది. పెన్సిల్ జుట్టులో గుచ్చుకుని, దానికోసమే బల్లంతా వెతుకుతుంది. చదువుతూ నవ్వొస్తే పెదవి కొరుక్కుంటుంది. పేరు తెలియదు. తను రాని రోజు నాకు చదువు ఎక్కదు. ఎదురుపడితే తల దించేసుకుంటాను. ఇలా చూడటం తప్పా? తనకు తెలిస్తే ఏమనుకుంటుంది?

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ పిన్నీసు ఆవిడే. ‘ఎవరూ చూడకముందే’ అని రాశావంటే ఆవిడ ఇబ్బంది నీకు అర్థమైందన్నమాట. మనుషుల్ని అలా చూడగలగడం చాలా మంచి గుణం. ఆ నోట్‌బుక్ మానకు.

ఇష్టం కలగడమూ తప్పు కాదు. అయితే, మనం అందర్నీ చూస్తున్నాం, మనల్ని ఎవరూ చూడట్లేదు అనుకోవడం చాలామందికి ఉండే భ్రమ. ఎరికా బూత్‌బీ అనే మనస్తత్వ పరిశోధకురాలు, సహచరులతో కలిసి 2017లో దీని మీద అధ్యయనాలు ప్రచురించారు. కాబట్టి నీ చూపు ఆ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. తను కుర్చీ మార్చుకున్నా, నీవైపు వీపు పెట్టి కూర్చున్నా అదే తన జవాబు. అప్పుడు నువ్వు వేరే బల్ల చూసుకో. వెనకాలే నడవడం, ఫోటో తీయడం, పేరు కోసం ఆరా తీయడం ఒక్కసారి కూడా వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే భయపడేది తను.

ఇంకోటి. నీకు తెలిసింది ఒక పెన్సిల్, ఒక నవ్వు. తనకు కోపం ఎప్పుడొస్తుందో, దేన్ని చూస్తే విసుగో నీకు తెలియదు. మిగతాదంతా నువ్వే ఊహించి అల్లుకున్నావు. మాట్లాడితే తప్ప అసలు మనిషి తెలియదు.

ముందు లైబ్రరీలో పుస్తకాలిచ్చే వారితో రోజూ ఒక మాట కలుపు. గొంతు అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా తను పెన్సిల్ వెతుక్కుంటుంటే ‘జుట్టులోనే ఉందండీ’ అను చాలు. నవ్వి ఏదైనా అడిగితే జవాబు చెప్పు. థాంక్స్ అని పుస్తకంలోకి వెళ్లిపోతే నువ్వూ నీ పుస్తకంలోకి వెళ్లు. పిచ్చిగా మాట్లాడానేమో అని రాత్రంతా నలిగిపోకు. కొత్తవాళ్లతో మాట్లాడాక, మనం అనుకున్నదానికంటే వాళ్లకు ఎక్కువే నచ్చి ఉంటామని బూత్‌బీ, మరికొందరు 2018లో చూపించారు.

తన గురించి రాసుకున్న పేజీలు మాత్రం స్నేహితులకు చూపించకు. వాళ్లు ఆట పట్టిస్తే నీతోపాటు ఏమీ తెలియని ఆ అమ్మాయీ పడాలి.