ప్రశ్నలు – జవాబులు: సీ ప్రోగ్రాం నుంచి వెబ్ సర్వీసుకు

ప్రశ్న: రొయ్యల చెరువు గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టాను. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), నీటి ఉష్ణోగ్రత రీడింగులను లిబ్‌కర్ల్‌తో (నెట్ ద్వారా డేటా పంపే సీ లైబ్రరీ) జేసన్‌గా (డేటాను పేరు, విలువ జతలుగా రాసే పద్ధతి) సర్వర్‌కు పంపే ప్రోగ్రాం సీలో రాశాను. సర్వర్ జవాబు ఒక్కోసారి సగమే వస్తోంది, ఒక్కోసారి చివర పిచ్చి అక్షరాలు ఉంటున్నాయి. సిగ్నల్ పోతే ప్రోగ్రాం బిగుసుకుపోతోంది. ప్రతిసారీ ఓకే అనే వస్తున్నా సర్వర్‌లో కొన్ని రీడింగులు ఉండటం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: చివరిదే ముందు చూద్దాం, అసలు నష్టం దానితోనే. రిక్వెస్టును పంపే ఫంక్షన్ కర్ల్_ఈజీ_పెర్ఫార్మ్ సున్నా (ఓకే) ఇచ్చిందంటే సర్వర్ నుంచి ఏదో ఒక జవాబు పూర్తిగా అందిందని మాత్రమే. ఆ జవాబు 401 (అనుమతి లేదు) అయినా 500 (సర్వర్ లోపం) అయినా లిబ్‌కర్ల్‌కు ఓకేనే. అందుకని ప్రతి రిక్వెస్టు తర్వాత కర్ల్_ఈజీ_గెట్‌ఇన్ఫోతో రెస్పాన్స్ కోడ్ అడగండి. దాన్ని అందుకునే వేరియబుల్ లాంగ్ అయి తీరాలి. ఇంట్ ఇస్తే 64 బిట్ సిస్టమ్‌లో పక్కనున్న మెమరీ పాడవుతుంది. కోడ్ 200–299 మధ్య లేకపోతే ఆ రీడింగును ఫైల్లో దాచి మళ్లీ పంపాలి.

జేసన్ పంపేటప్పుడు కంటెంట్-టైప్ హెడర్ మీరే పెట్టాలి. పెట్టకపోతే లిబ్‌కర్ల్ దాన్ని వెబ్ ఫారం డేటాగా చెబుతుంది, చాలా సర్వర్లు తిప్పికొడతాయి. ఇంకో మెలిక: పోస్ట్‌ఫీల్డ్స్ ఆప్షన్ మీ డేటాను కాపీ చేసుకోదు, దాని అడ్రసు మాత్రమే గుర్తుంచుకుంటుంది. వేరే ఫంక్షన్‌లోని లోకల్ అరేలో జేసన్ తయారుచేసి, బయటికొచ్చాక పెర్ఫార్మ్ పిలిస్తే చెత్త పోతుంది. అలాంటి చోట కాపీపోస్ట్‌ఫీల్డ్స్ వాడండి.

ఇక సగం జవాబు సంగతి. రైట్ కాల్‌బ్యాక్‌ను (వచ్చిన జవాబును అందుకోవడానికి మీరు రాసిచ్చే ఫంక్షన్) లిబ్‌కర్ల్ ఒక్కసారే పిలుస్తుందని లెక్కేసుకోకూడదు. జవాబు ఎన్ని ముక్కలుగా వస్తే అన్నిసార్లు పిలుస్తుంది, మామూలుగా ఒక్కో ముక్క 16,384 బైట్లు మించదు. చివర నల్ (స్ట్రింగు ముగిసిందని చెప్పే సున్నా బైటు) ఉండదు, పిచ్చి అక్షరాలు అందుకే. పాత పొడవు, కొత్త ముక్క పొడవు, ఇంకో 1 కలిపి ఆ మేరకు మెమరీని రీఅలాక్‌తో పెంచి, ముక్కను పాతదాని వెనక అతికించి, ఆఖర్న నల్ మీరే పెట్టండి. వచ్చిన బైట్ల సంఖ్యనే రిటర్న్ చేయాలి. వేరే అంకె ఇస్తే 23వ నంబరు ఎర్రర్‌తో ఆగిపోతుంది. ప్రతి రిక్వెస్టుకు ముందు పొడవును సున్నా చేయడం మరవద్దు. జేసన్ విడదీసే పని కాల్‌బ్యాక్‌లో వద్దు, పెర్ఫార్మ్ ముగిశాకే.

బిగుసుకుపోవడానికి కారణం డిఫాల్ట్ గడువులు: కనెక్షన్‌కు 300 సెకన్లు, మొత్తం రిక్వెస్టుకు అసలు గడువే లేదు. తెల్లవారుజామున డీఓ పడిపోయే వేళ ఇది పనికిరాదు. కనెక్షన్‌కు 10ఎల్, మొత్తానికి 30ఎల్ సెకన్లు పెట్టండి (ఎల్ అంటే లాంగ్ రకం అంకె అని). నాలుగు అంకెల జేసన్‌కు అదే ఎక్కువ. గడువు దాటితే 28వ ఎర్రర్ వస్తుంది. అప్పటికే రీడింగు సర్వర్‌కు చేరి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. కాబట్టి ప్రతి రీడింగులో చెరువు నంబరు, కొలిచిన సమయం ఉంచితే, రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టి వదిలేసేలా సర్వర్‌ను రాసుకోవచ్చు.

ప్రశ్న: ఇలాంటి పరికరమే పంట అయ్యాక మూడు నెలలు కరెంటు లేకుండా పక్కన పెట్టి, మళ్లీ ఆన్ చేస్తే 60వ నంబరు ఎర్రర్ (సర్వర్ గుర్తింపు సర్టిఫికెట్ పరిశీలనలో నెగ్గలేదని) వస్తోంది. సర్టిఫికెట్ పరిశీలన ఆపేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఆపొద్దు. ఆపితే మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికి వెళుతోందో మీకే తెలియదు. ముందు డేట్ కమాండ్ కొట్టి చూడండి. పై 4లో బ్యాటరీ గడియారం ఉండదు, ఆన్ చేయగానే పాత తేదీతోనే మొదలవుతుంది. ఈలోగా సర్వర్ సర్టిఫికెట్ మారి ఉంటుంది. 90 రోజులకే మారేవి ఇప్పుడు మామూలు. పాత తేదీలో ఉన్న బోర్డుకు కొత్త సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రానిదిగా కనబడుతుంది. నెట్ నుంచి సమయం సరిచేసుకున్నాకే మీ ప్రోగ్రాం మొదలయ్యేలా పెట్టండి. నెట్ రాని చోట చిన్న ఆర్టీసీ (బ్యాటరీతో నడిచే గడియారం) మాడ్యూల్ తగిలిస్తే సరి. తేదీ సరిగ్గానే ఉంటే సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థల) సర్టిఫికెట్ల ప్యాకేజీని అప్‌డేట్ చేయండి.

ప్రశ్న: లిబ్‌కర్ల్ వాడిన సీ ప్రోగ్రాంను ఉబుంటులో కంపైల్ చేస్తే 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటోంది.
– ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: హెడర్ దొరికింది, లైబ్రరీ అతకలేదు. జీసీసీ కమాండ్‌లో '-ఎల్‌కర్ల్' మీ సీ ఫైలు పేరు తర్వాత రావాలి, ముందు కాదు.