మావారి మోకాళ్ల ఆపరేషన్‌కు నా షాపు మూసేయాలా?

ప్రశ్న: మావారికి 62 ఏళ్లు. రెండు మోకాలి చిప్పలూ మార్చాలన్నారు. ఒకేసారి చేయిస్తే 4,60,000 అవుతుందట. ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ ఆరోగ్య బీమా పాలసీ తీసుకుని రెండేళ్ల నాలుగు నెలలైంది. ఆయన పేరున 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. నా టైలరింగ్ షాపు మీద 7,000 అద్దె పోగా నెలకు 24,000 మిగులుతుంది. ఆయాకు రోజుకు 900 అడుగుతున్నారు. ‘నువ్వుండగా ఆయా ఎందుకు, మూడు నెలలు షాపు మూసెయ్’ అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: షాపు మూయకండి. మూసినా అద్దె ఆగదు కాబట్టి నెలకు మీకు పోయేది 24 వేలు కాదు, 31 వేలు. మూడు నెలలకు 93,000. అదే ఆయాను 21 రోజులు పెట్టుకుంటే 18,900. ఆయన ఆసుపత్రిలో ఉన్న వారం షాపు మూస్తే 7,200, ఆయా మానేశాక మూడు వారాలు ఒంటిపూట తెరిస్తే మరో 10,850 తగ్గుతాయి. అన్నీ కలిపినా 37 వేలే. శ్రావణమాసం జాకెట్లు వేరే షాపుకు ఇచ్చినవాళ్లు మళ్లీ మీ గడప తొక్కుతారన్న భరోసా లేదు, అది ఈ లెక్కలో వేయలేదు. మీ చాకిరీకి జీతం లేదు గనక అది ఉచితమని మీవారు అనుకుంటున్నారు. ఈ కాగితం ఆయన ముందు పెట్టండి. రెండు కాళ్లూ ఒకేసారి చేస్తే మొదటి రెండు వారాలు మంచం మీంచి లేపడానికి, బాత్రూమ్‌కు తీసుకెళ్లడానికి మనిషి ఆసరా కావాలి. ఆ బరువంతా మీరే మోస్తే మీ నడుము పట్టేస్తుంది, అప్పుడు ఇద్దరికీ ఆయా కావాలి.

ఇక పాలసీ. మోకీళ్ల మార్పిడికి చాలా పాలసీల్లో 24 నెలలు, కొన్నింటిలో 36 నెలలు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ చికిత్సకు డబ్బు ఇవ్వని కాలం) ఉంటుంది. మీది ఎంతో పాలసీ కాగితంలో చూడండి. నొప్పి పాలసీకి ముందునుంచే ఉండి, పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో రాయకపోతే చిక్కు అక్కడే వస్తుంది. కేస్ షీట్‌లో ‘ఐదేళ్లుగా నొప్పి’ అని ఉంటే క్లెయిమ్ ఆపేయొచ్చు. అందుకే అడ్మిషన్‌కు కనీసం మూడు రోజుల ముందే క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

రూమ్ అద్దె పరిమితి రోజుకు 5,000 ఉండి మీరు 8,000 రూమ్ తీసుకుంటే, సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ లాంటి ఖర్చుల్లో ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అవి 2 లక్షలైతే 75,000 మీ చేతినుంచే పోతాయి. ఇంప్లాంట్ (మోకాల్లో పెట్టే కృత్రిమ కీలు), మందులు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. వాకర్, కమోడ్ కుర్చీ, ఆయా జీతం సాధారణంగా పాలసీలో రావు. ఇంటికొచ్చాక చేయించే ఫిజియోథెరపీకి డాక్టర్ చీటీ, బిల్లులు దాచండి. డిశ్చార్జి తర్వాతి 60 లేదా 90 రోజుల ఖర్చుల కింద ఇచ్చే పాలసీలున్నాయి.

చాలామంది చూడని సంగతి ఇంకొకటి. ఫ్లోటర్‌లో 4,60,000 ఆయనకే అయిపోతే రెన్యువల్ దాకా మీకు మిగిలేది 40 వేలు. అయిపోయిన బీమా మొత్తాన్ని మళ్లీ నింపే రీస్టోరేషన్ సదుపాయం ఉందా, ఉంటే రెండో మనిషికీ వర్తిస్తుందా అడగండి. మీ రెన్యువల్‌కు 8 నెలలుంది. డాక్టర్ ఆగొచ్చంటే, వెయిటింగ్ 24 నెలలే అయితే ఒక మోకాలు రెన్యువల్‌కు కాస్త ముందు, రెండోది తర్వాత చేయించుకోవచ్చు. రెండేళ్ల కవరేజీ వాడుకున్నట్టవుతుంది. కాకపోతే ఆయా ఖర్చు రెండుసార్లు పడుతుంది. వెయిటింగ్ 36 నెలలైతే రెండూ రెన్యువల్ అయ్యాకే. ఒకేసారా, విడివిడిగానా అన్నది మాత్రం గుండె, షుగర్ చూసి డాక్టరే తేల్చాలి.

ఎఫ్‌డీ తెంచొద్దు. గడువుకు ముందు తీస్తే సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తారు. అవసరమైతే దాని మీద లోన్ తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది అంతే. అడ్మిషన్‌కు ముందే బ్యాంకుకు ఇద్దరూ వెళ్లి ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే రెండోవారు నడపగల) పద్ధతిలో మీ పేరు చేర్పించండి. ఆయన మత్తులో ఉండగా కౌంటర్‌లో డబ్బు కట్టాలంటే, ఓటీపీ వచ్చే ఫోన్ లాక్ మీకు తెలిసుండాలి.