థ్రెడ్లు పెంచినా వేగం పెరగదేం?

ప్రశ్న: పాత తెలుగు పత్రికల పేజీల పాఠాన్ని ఒక గ్రంథాలయం వెబ్‌సైటు నుంచి దించుకుని, ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్ (ప్రోగ్రాం పనిని థ్రెడ్లనే సమాంతర పాయలకు పంచే సాధనం) పెట్టగానే డౌన్‌లోడ్ బాగా పుంజుకుంది. పదాల లెక్క మాత్రం ఎప్పటిలాగే నత్తనడక. థ్రెడ్లను 8 నుంచి 64కు పెంచినా అంతే. కోడ్ జతచేశాను. లోపం ఎక్కడుంది?
– ఎం.ఏ. విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు చేయిస్తున్నవి రెండూ వేర్వేరు స్వభావం ఉన్న పనులు. డౌన్‌లోడ్‌లో ప్రాసెసర్‌కు పెద్దగా పని ఉండదు, సర్వర్ జవాబు కోసం ఎదురుచూడటమే ఎక్కువ. ఒక థ్రెడ్ ఎదురుచూస్తుంటే ఇంకొకటి నడుస్తుంది. పదాల లెక్క మొదటి నుంచి చివరి దాకా ప్రాసెసర్ చాకిరీ. మామూలు పైథాన్‌లో గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్ అనే తాళం ఒకటుంది. ఎన్ని థ్రెడ్లున్నా అది చేతిలో ఉన్న థ్రెడ్డే పైథాన్ ఆజ్ఞలను నడపగలదు. ఒకే చేద ఉన్న నూతి చుట్టూ అరవై నలుగురు నిలబడితే నీళ్లు త్వరగా రావు కదా!

లెక్కింపుకు ప్రాసెస్‌పూల్ ఎగ్జిక్యూటర్ వాడండి. ఇది పనిని థ్రెడ్లకు బదులు ప్రాసెస్‌లకు, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాంలకు పంచుతుంది. ఇది కూడా కాన్‌కరెంట్ ఫ్యూచర్స్ మాడ్యూల్‌లోనిదే. 2011లో వచ్చిన పైథాన్ 3.2 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. పని అప్పగించే సబ్‌మిట్, మ్యాప్ ఆజ్ఞలు రెండు ఎగ్జిక్యూటర్లలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి కోడ్‌లో మార్పు స్వల్పం. అయితే ఇక్కడ ప్రతి ప్రాసెస్‌కూ తన సొంత పైథాన్, తన సొంత తాళం. వాటి మధ్య సమాచారాన్ని మూటగట్టి పంపాలి, ఆ రవాణాకు సమయం పడుతుంది. అందువల్ల పేజీ పాఠం మొత్తాన్ని పంపకుండా ఫైలు పేరు మాత్రమే పంపండి. మ్యాప్ వాడితే చంక్‌సైజ్ 50 అని ఇచ్చి చూడండి, పేజీలు ఒక్కొక్కటిగా కాకుండా కట్టలుగా వెళ్తాయి.

2024లో వచ్చిన 3.13లో ఈ తాళం లేని పైథాన్‌ను ప్రయోగాత్మకంగా ఇచ్చారు. 3.14లో దానికి అధికారిక మద్దతు దక్కింది. అయినా అది ఐచ్ఛికమే, మీ పనికి అంత దూరం వెళ్లనక్కర్లేదు.

డౌన్‌లోడ్‌కు కూడా 64 థ్రెడ్లు వద్దు. గ్రంథాలయాల సర్వర్లు చాలావరకు చిన్నవి. నాలుగైదు థ్రెడ్లతో మీ పని జరుగుతుంది, మిగతా పాఠకులకూ ఇబ్బంది ఉండదు.

వేగం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ కోడ్‌లోని మరో సంగతి. పనులను సబ్‌మిట్ చేసి వదిలేశారు, ఎక్కడా రిజల్ట్ అడగలేదు. అలా వదిలేస్తే ఏదైనా పేజీ దగ్గర పని విఫలమైనా ఆ దోషం ఫ్యూచర్‌లోనే (సబ్‌మిట్ తిరిగి ఇచ్చే, పని ఫలితాన్ని దాచి ఉంచే వస్తువు) ఉండిపోతుంది, తెరమీద ఒక్క ముక్క కూడా కనిపించదు. పాడైన ఫైళ్లు, వేరే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను నిల్వచేసే పద్ధతిలో) ఉన్న పేజీలు చెప్పాపెట్టకుండా లెక్కలోంచి జారిపోతాయి. ఆ పట్టిక ఆధారంగా మీరు ఫలానా పదం ఆ రోజుల్లో అరుదు అని రాస్తారు, అది అబద్ధమవుతుంది. సబ్‌మిట్ ఇచ్చే ప్రతి ఫ్యూచర్‌నూ దాని ఫైలు పేరుతో ఒక డిక్షనరీలో దాచుకోండి. పూర్తయినవాటిని పూర్తయినట్టే అందించే యాజ్‌కంప్లీటెడ్‌తో ఒక్కొక్కటీ అందుకుని, దోషాలను పట్టుకునే ట్రై లోపల రిజల్ట్ అడగండి. విఫలమైన పేజీల పేర్లు వేరే ఫైలులో రాయించి, వాటి సంగతి తేల్చాకే పట్టికను వ్యాసంలో వాడండి.