మైలే యుద్ధంలో "కాకి" వంతెనను డుయిలియస్ కనిపెట్టాడా? ఆ తర్వాత ఆయన ఏమయ్యాడు?

మైలే అంటే సిసిలీ తీరంలో రోమ్‌కీ, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కీ మధ్య జరిగిన ఓడల యుద్ధం. అందులో రోమన్లు శత్రు ఓడ మీదికి దాటడానికి వాడిన వంతెనే కాకి. కనిపెట్టింది రోమన్ సేనాని డుయిలియసేనని చాలాచోట్ల రాస్తారు గానీ, దానికి ఆధారం లేదండీ. ఈ యుద్ధం గురించి వివరంగా రాసిన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ "ఎవరో సలహా ఇచ్చారు" అని వదిలేశాడు, పేరు చెప్పలేదు. గయస్ డుయిలియస్ గొప్పతనం వేరేచోట ఉంది.

క్రీ.పూ. 260లో రోమ్‌ను ఏడాదిపాటు పాలించే ఇద్దరు కాన్సుల్స్‌లో ఓడలు కార్నీలియస్ స్కిపియోకి, సిసిలీలోని పదాతిదళం డుయిలియస్‌కి దక్కాయి. స్కిపియో 17 ఓడలతో సిసిలీ పక్కనున్న లిపారా ద్వీపానికి వెళ్లి కార్తేజ్‌ వాళ్లకు చిక్కిపోయాడు. దాంతో డుయిలియస్ తన సైన్యాన్ని ట్రిబ్యూన్లకు (కింది సైనికాధికారులకు) అప్పగించి, తనకు అలవాటు లేని నౌకాదళాన్ని నెత్తికెత్తుకున్నాడు. ఆ ఓడలు ఎలాంటివంటే, చెట్టు కొట్టిన 60 రోజులకు నీళ్లలోకి దించినవని రోమన్ రచయిత ప్లినీ అంటాడు. పచ్చి కలప, బరువు ఎక్కువ, వేగం తక్కువ. తెడ్డేసేవాళ్లకు నేల మీద బల్లలు వేసి, ఓడలో కూర్చునే వరసలోనే కూర్చోబెట్టి లయ నేర్పారు. ఇలాంటి ఓడలతో చుట్టూ తిరిగి ఢీకొట్టే యుద్ధం చేస్తే ఓటమి ఖాయం. శత్రు ఓడను పట్టి ఆపేసి, పైకెక్కి కత్తితో తేల్చుకోవడం ఒక్కటే దారి.

అందుకు వాడిన కాకి నిర్మాణం ఇది. ఓడ ముందు భాగంలో 24 అడుగుల గుంజ, మందం మూడు బెత్తెలు, కొసన కప్పీ. దానికి 36 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న చెక్క వంతెన. వంతెనలో ఈ కొస నుంచి 12 అడుగుల దగ్గర కోలగా ఒక రంధ్రం, అందులోంచి గుంజ. రెండు పక్కలా మోకాలెత్తు కటకటాలు. అవతలి కొస కింద రోకలిలాంటి మొనదేలిన ఇనుము, దాని తలకు కడియం, కడియానికి మోకు. మోకు లాగితే వంతెన లేస్తుంది, వదిలితే ఆ ఇనుము శత్రు ఓడ చెక్కలో దిగబడుతుంది. సైనికులు ఇద్దరిద్దరుగా దాటుతారు. ముందు జంట డాళ్లు ఎదురుగా పెడుతుంది, వెనకవాళ్లు డాలు అంచును కటకటం మీద ఆనించి పక్కలు కాస్తారు. కటకటాలు మోకాలెత్తే ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

మైలే దగ్గర కార్తేజ్ ఓడలు 130. నాయకుడు హానిబాల్ (ఆల్ప్స్ దాటినాయన కాదు, ఆయన పుట్టడానికి ఇంకా పదమూడేళ్లుంది). రోమన్లంటే చులకన కాబట్టి వరస కూడా కట్టకుండా ఎదురొచ్చారు. మొదటి 30 ఓడలు అలాగే చిక్కాయి, వాటిలో నాయకుడి ఓడ ఒకటి. ఆయన చిన్న పడవలో తప్పించుకున్నాడు. మిగతావి పక్కల నుంచి, వెనక నుంచి రాబోతే, కాకి గుంజ చుట్టూ తిరిగి అటు కూడా వాలింది. మొత్తం 50 ఓడలు పోయాయి.

దీని లోపం బరువంతా ఓడ ముందు భాగంలో, ఎత్తులో ఉండటం. క్రీ.పూ. 256 ఎక్నమస్ యుద్ధం తర్వాత కాకి ప్రస్తావనే కనబడదు. మరుసటి ఏడు సిసిలీలోని కమరీనా దగ్గర తుఫానులో 364 రోమన్ ఓడల్లో 80 మాత్రమే మిగిలాయి. కొందరు ఆ నేరం కాకి మీద వేస్తారు. నాకైతే చుక్కాని పట్టేవాళ్లు వద్దన్నా వినకుండా ఆ తీరం వెంట వెళ్లడమే పెద్ద కారణం అనిపిస్తుంది.

డుయిలియస్ మైలే గెలిచిన ఏడే నేల మీద సిసిలీ పట్టణం సెగెస్టా ముట్టడిని తొలగించి, మకెల్లా అనే మరో పట్టణాన్ని పట్టుకున్నాడు. రోమ్‌లో నౌకా విజయానికి ట్రయంఫ్ (విజయ ఊరేగింపు) జరుపుకున్న మొదటివాడు ఆయనే. నగరం నడిబొడ్డునున్న ఫోరం మైదానంలో ఆయన పేర నిలిపిన స్తంభానికి శత్రు ఓడల కంచు ముక్కులు తగిలించారు. రాత్రి విందు నుంచి ఇంటికెళ్తుంటే ముందు దివిటీ, పిల్లనగ్రోవి వాయించేవాడు నడిచే గౌరవం కూడా దక్కింది. క్రీ.పూ. 258లో సెన్సార్ (పౌరుల లెక్కలు చూసే పెద్ద అధికారి) అయ్యాడు. క్రీ.పూ. 231లో డిక్టేటర్‌గా (తాత్కాలికంగా సర్వాధికారాలిచ్చే పదవిలో) మళ్లీ కనిపిస్తాడు గానీ, అది యుద్ధానికి కాదు, ఎన్నికలు జరిపించడానికి.