ఏడు నెలల పాప ఉలికిపాటు మోరో కాకపోవచ్చు, వెంటనే చూపించండి

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. రాయడం బాగా నెమ్మది, అక్షరాలు గీత మీద నిలవవు. కుదురుగా కూర్చోడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాడు. వారంలో మూడు నాలుగు రాత్రులు పక్క తడుపుతాడు. ఒక థెరపీ సెంటర్‌లో చూసి, పసితనంలోనే పోవాల్సిన మోరో, ఏటీఎన్ఆర్, గాలంట్ రిఫ్లెక్సులు (తమంతట తామే వచ్చే కదలికలు) ఇంకా ఉన్నాయని, ఆరు నెలల ప్యాకేజీ తీసుకుంటే పోతాయని చెప్పారు. వ్యాయామాలతో ఇవి నిజంగా పోతాయా? యూట్యూబ్ చూసి ఇంట్లోనే చేయించవచ్చా? మా పాపకు ఏడు నెలలు. పుట్టినప్పుడు బరువు తక్కువ, షుగర్ పడిపోయిందని నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. మూడు వారాలుగా తనూ నిద్ర లేవగానే చేతులు చాచి ఉలిక్కిపడుతోంది, వరసగా పది పదిహేను సార్లు. మా అత్తయ్య దిష్టి అంటున్నారు. గ్రైప్ వాటర్ పడుతున్నాం. అన్నలాగే తనకూ మోరో ఉండిపోయిందంటారా? ఇప్పటి నుంచే వ్యాయామాలు చేయించాలా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఉత్తరమంతా బాబు గురించి రాసి పాప సంగతి చివర్లో నాలుగు మాటల్లో చెప్పారు. నేను ఆ నాలుగు మాటల దగ్గరే ఆగిపోయాను. బాబు విషయం ఒక నెల ఆగినా నష్టం లేదు. పాపను మాత్రం ఈ జవాబు చదివిన రోజే, కుదరకపోతే మర్నాడు, పిల్లల డాక్టరుకు చూపించండి. పిల్లల న్యూరాలజిస్టు దొరికితే మరీ మంచిది. కానీ ఆయన అపాయింట్‌మెంట్ కోసం రెండు వారాలు ఎదురుచూడకండి.

ఎందుకో చెప్తాను. మోరో రిఫ్లెక్స్ అంటే, పసిబిడ్డ తల కాస్త వెనక్కి జారినా, పక్కన గిన్నె కిందపడినా రెండు చేతులూ బార్లా చాచి, తర్వాత గుండెల దగ్గరికి తెచ్చుకుని ఏడవడం. 1918లో దాన్ని వివరించిన పిల్లల డాక్టర్ ఎర్నెస్ట్ మోరో పేరే దానికి స్థిరపడింది. దానికి చప్పుడో కుదుపో ఒక కారణం ఉంటుంది. ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. నాలుగో నెల నుంచి తగ్గుతూ, ఆరో నెల దాటాక సాధారణంగా కనిపించదు.

మీ పాపకు ఏడు నెలలు. మీరు చెప్పినదాంట్లో చప్పుడు ఊసే లేదు. నిద్ర లేవగానే వస్తోంది, అదీ వరసగా పది పదిహేను సార్లు. పైగా మూడు వారాల కిందటే మొదలైంది. పుట్టుకతో వచ్చిన రిఫ్లెక్స్ పోకుండా మిగిలిపోతే పుట్టినప్పటి నుంచీ కనిపిస్తూనే ఉండాలి, ఏడో నెలకు కాస్త ముందు కొత్తగా మొదలవదు కదా. పుట్టినప్పుడు షుగర్ పడిపోయిన చరిత్ర కూడా ఉంది. ఇవన్నీ కలిపి చూస్తే 'ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్' అనే ఒక రకం మూర్ఛ కాదని తేల్చుకునేదాకా నాకు నిద్ర పట్టదు.

పాపను చూడకుండా, పరీక్ష చేయకుండా జబ్బు ఇదేనని నేను చెప్పలేను. పాలు పైకి ఎగదన్నడం వల్ల కూడా కొందరు పిల్లలు ఒళ్లు విరుస్తారు. ఏ ప్రమాదమూ లేని ఉలికిపాట్లూ ఉంటాయి. ఏది ఏదో తేల్చేది ఈఈజీ, అంటే తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష. నిద్రలోనూ, నిద్ర లేచేటప్పుడూ కూడా రికార్డు అయ్యేలా తీయమని అడగండి. మెలకువలో పది నిమిషాలు తీసి బాగుందంటే అది చాలదు.

ఫిట్స్ అనగానే మనవాళ్లకు నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం గుర్తొస్తాయి. ఇందులో అవేవీ ఉండవు. తల ముందుకు వాలుతుంది, లేదా నడుము వంగుతుంది, చేతులు చాచుకుంటాయి. ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ వస్తుంది. ఇలా కొన్ని నిమిషాల పాటు వరస సాగి, చివర్లో బిడ్డ ఏడుస్తుంది. ఏడుస్తోంది కాబట్టి కడుపునొప్పి అనుకుంటారు. సలాం చేస్తున్నట్టు ఉంటుందని దీన్ని సలాం మూర్ఛ అని కూడా అనేవారు. 1841లో విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లండ్ డాక్టర్, తన సొంత కొడుకుకే ఇలా వస్తుంటే ఏం చేయాలో తోచక లాన్సెట్ అనే వైద్య పత్రికకు ఉత్తరం రాశారు. కన్నతండ్రి, అందులోనూ డాక్టర్, అంతగా సతమతమయ్యారంటే, మీరు పోల్చుకోలేకపోవడం తప్పు కాదు.

తప్పల్లా మూడు వారాలు ఆగడం. కోప్పడుతున్నానని అనుకోకండి, కానీ ఈ మాట చెప్పక తప్పదు. నా దగ్గరికి ఇలాంటి పిల్లలు నేరుగా రారు. ముందు గ్రైప్ వాటర్, తర్వాత దిష్టి, తర్వాత తాయెత్తు, ఆ తర్వాత 'పళ్లు వస్తున్నాయేమో, పెద్దయితే అదే పోతుంది' అని పక్కింటివాళ్ల మాట. అన్నీ అయ్యాక రెండో నెలలోనో మూడో నెలలోనో వస్తారు. అప్పటికి బిడ్డ నవ్వడం మానేసి ఉంటుంది. మొహం వంక చూడదు. బోర్లా పడేది పడటం ఆపేస్తుంది. ఈ జబ్బులో మెదడుకు జరిగే నష్టం ఆ ఒకటి రెండు సెకన్ల కుదుపుతో అయిపోదు. కుదుపులు లేని సమయంలోనూ మెదడులో అలజడి సాగుతూనే ఉంటుంది, అదే ఎదుగుదలను వెనక్కి లాగుతుంది. అందుకే చికిత్స ఎంత త్వరగా మొదలైతే పిల్లల భవిష్యత్తు అంత మెరుగ్గా ఉండే అవకాశం ఉంటుంది. దీనికి మందులున్నాయి, స్టెరాయిడ్ తరహావి కొన్ని, విగాబాట్రిన్ అనేది ఒకటి. బీపీ, షుగర్, ఇన్ఫెక్షన్లు గమనిస్తూ డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. ఎవరికో రాసిన ఫిట్స్ సిరప్ ఇంట్లో ఉందని ఒక్క చుక్క కూడా వేయకండి. అత్తయ్యగారి తృప్తి కోసం దిష్టి తీస్తే తీయండి, కానీ ఆస్పత్రికి బయల్దేరే ముందు తీయండి.

రేపు పొద్దున పాప లేచే సమయానికి ఫోన్ పట్టుకుని పక్కనే కూర్చోండి. మొహం, చేతులు, కాళ్లు అన్నీ కనిపించేలా వీడియో తీయండి. డాక్టర్ గదిలో పాప అలా చేయకపోవచ్చు, వీడియో ఉంటే సగం పని అయినట్టే. ఐసీయూ డిశ్చార్జి సమ్మరీ కూడా తీసుకెళ్లండి, అందులో షుగర్ ఎంతకు పడిపోయిందో ఉంటుంది. మధ్యలో పాప స్పృహ తప్పినా, కుదుపులు ఆగకుండా వస్తున్నా, ఒళ్లు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. పాప వ్యాయామాల సంగతి నన్ను ఇప్పుడు అడగకండి. ఉలిక్కిపడే బిడ్డకు యూట్యూబ్ చూసి చేతులు కాళ్లు తిప్పే ప్రయత్నం అసలే వద్దు.

ఇంకొక్కటి చూసి డాక్టరుకు చెప్పండి. పాప పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉంటుందా? ఆట వస్తువు ఇస్తే ఎప్పుడూ ఒకే చేయి ముందుకు వస్తుందా? పుట్టిన బిడ్డ మన వేలు గట్టిగా పట్టుకునే రిఫ్లెక్స్ కూడా ఆరో నెల లోపు తగ్గి, కావాలని పట్టుకోవడం మొదలవ్వాలి. ఏడాది నిండకముందే కుడివాటమో ఎడమవాటమో కనిపిస్తే అది తెలివి కాదు, రెండో చేయి బలహీనంగా ఉందేమో చూడాలి. రిఫ్లెక్సులు పోవాల్సిన వయసులో పోలేదు అన్నప్పుడు డాక్టర్లుగా మేం నిజంగా కంగారుపడేది ఇలాంటి పసిపిల్లల విషయంలో. సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) తొలి గుర్తుల్లో ఇదొకటి.

ఇక బాబు సంగతి. ఈ రిఫ్లెక్సులు అసలు పోవు, అణిగి ఉంటాయి. మెదడు పై పొరలు ఎదిగేకొద్దీ కింది భాగాల్లోని ఈ పాత అలవాట్లను అదుపులో పెడతాయి. మెదడు బాగా దెబ్బతిన్నప్పుడు, మతిమరుపు జబ్బు ముదిరినప్పుడు పెద్దవాళ్లలోనూ కొన్ని మళ్లీ బయటపడటం అందుకే. మామూలుగా ఎదుగుతున్న బడి పిల్లల్లోనూ వీటి జాడలు కాస్తో కూస్తో దొరుకుతుంటాయి. జాడ దొరికినంత మాత్రాన జబ్బు కాదు. ఏటీఎన్ఆర్ అంటే తల ఎటు తిప్పితే అటు చేయి చాచుకుని, రెండో చేయి మడుచుకోవడం. పసిపిల్లల్లో ఇది ఆరో నెలకల్లా తగ్గిపోవాలి. గాలంట్ అంటే వెన్నెముక పక్కన వేలితో రాస్తే నడుము అటు వంగడం. పెద్దయ్యాకా ఏటీఎన్ఆర్ బలంగా ఉంటే పుస్తకం వైపు తల తిప్పినప్పుడల్లా చేయి కదిలి రాత చెదురుతుందని థెరపిస్టుల వాదన. వినడానికి సబబుగానే ఉంది. చదువులో వెనకబడిన పిల్లల్లో ఈ జాడలు ఎక్కువ కనిపించాయన్న అధ్యయనాలూ ఉన్నాయి. కానీ రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదానివల్లే రెండోది వచ్చిందని చెప్పలేం. మెదడు ఎదుగుదల కాస్త నెమ్మదిగా ఉంటే రెండూ కనిపించవచ్చు.

వ్యాయామాలతో లాభం ఉందా? 2000లో లాన్సెట్‌లోనే బెల్‌ఫాస్ట్ పరిశోధకుల పరీక్ష ఒకటి వచ్చింది. చదవడంలో ఇబ్బంది ఉన్న 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు 60 మందితో, ఏడాది పాటు జరిగింది. పసిపాపల రిఫ్లెక్స్ కదలికలను మళ్లీ మళ్లీ చేసిన పిల్లల్లో రిఫ్లెక్స్ తగ్గి, చదవడం మెరుగైందని తేలింది. ఆశ కలిగించే ఫలితమే. అయినా 60 మంది పిల్లల మీద జరిగిన ఒక్క పరీక్షను చూసి, పక్క తడపడం దగ్గర్నుంచి చేతిరాత దాకా అన్నిటికీ ఒకే ప్యాకేజీ అంటే నేను ఒప్పుకోలేను. నేలమీద పాకడం, పొర్లడం, గోడకు చేతులానించి తోయడం లాంటివి పిల్లలకు ఆటే, మామూలుగా చేస్తే హాని ఉండదు. నా భయం వేరు. ఆరు నెలలు ఆ ప్యాకేజీలో గడిచిపోతే అసలు కారణం వెతకడం ఆరు నెలలు వెనక్కి పోతుంది.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. నల్లబల్ల కనబడని పిల్లవాడు కుదురుగా ఎలా కూర్చుంటాడు? రాత్రి గురక పెడుతున్నాడా చూడండి, టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ పెరిగి నిద్ర చెడినా పగలు చిరాకు, రాత్రి పక్క తడపడం రెండూ ఉంటాయి. మలబద్ధకం ఉన్నా పక్క తడుస్తుంది, మేం అడిగితే తప్ప తల్లులు ఈ సంగతి చెప్పరు. ఏడేళ్ల పిల్లల్లో నూటికి ఐదు నుంచి పది మంది ఇంకా పక్క తడుపుతుంటారు, దానికి కొట్టకండి, చుట్టాల ముందు అనకండి. కానీ మధ్యలో కొన్ని నెలలు ఆగి మళ్లీ మొదలైనా, నీళ్లు ఎక్కువగా తాగుతున్నా మూత్రంలో షుగర్ పరీక్ష చేయించాలి. రక్తహీనత కూడా చూపించండి.

ఇవన్నీ చూశాక ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురు లేకపోయే సమస్య) ఉందా, చేతుల పని సమన్వయంలో ఇబ్బంది ఉందా అన్నది డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్, చూస్తారు. చదువులో ప్రత్యేక ఇబ్బంది ఉందో లేదో మూడో తరగతికి వచ్చాక, ఎనిమిదేళ్ల వయసులో ఇంకా స్పష్టంగా తేలుతుంది. చాలా జిల్లాల్లో ప్రభుత్వ ఆస్పత్రికి అనుబంధంగా పిల్లల కోసం సత్వర చికిత్సా కేంద్రం ఉంది, డైక్ అంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా అక్కడ ఉచితంగా చూస్తారు. మీ ఇద్దరు పిల్లలకూ ఉపయోగపడుతుంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది. అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టు బాబును చూసి రిఫ్లెక్స్ వ్యాయామాలు కూడా కొన్ని ఉండాలంటే చేయించండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టకుండా ఉంటే ఇప్పుడు కట్టకండి. ఆ డబ్బుతో ముందు పాప ఈఈజీ చేయించండి. రిపోర్టులో ఏముందో నాకు తప్పకుండా రాయండి.