సిస్టర్లు దొరకరంటారు, జీతం మాత్రం పెంచరు

దేవరకొండ నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనది టైలరింగ్ షాపు. పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, ఎప్‌సెట్ కూడా రాసింది. బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పిద్దామంటే బామ్మర్ది వద్దంటున్నాడట. ఆయన నల్గొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో కాంపౌండర్. “హాస్పిటల్‌కే డబ్బులు రావట్లేదు, సిస్టర్లకు రెండు నెలల జీతం కలిపి ఇస్తున్నారు, ఇందులోకి పిల్లను దింపుతావా బావా?” అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో నర్సింగ్ అయితే చాలు, నేరుగా అమెరికానే అన్నారు. పోయినేడు ఆయన తల్లి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎనిమిది రోజులుంటే, రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్కటే సిస్టర్. దగ్గర ఉండి చూసుకున్నది ఈ అమ్మాయే. “నర్సులు లేరని ఒకరు, నర్సులకు జీతాల్లేవని ఇంకొకరు. ఏది నిజం సార్?” అని అడిగారు.

రెండూ నిజమే అన్నా. మీ బామ్మర్ది అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే ఆయన పనిచేసే చోట ఏం కనిపిస్తుందో అదే చెప్తున్నాడు.

ముందు ఆ నర్సింగ్ హోమ్ లెక్కే వేద్దాం. 30 పడకలనుకోండి. ఆరుగురు పేషెంట్లకు ఒక సిస్టర్ చొప్పున షిఫ్టుకు ఐదుగురు, మూడు షిఫ్టులకు 15 మంది. వారాంతపు సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, ప్రసూతి సెలవులు చూసుకుంటే ఇంకో ఐదుగురు ఉండాలి. మొత్తం 20 మంది. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ 2016లో ఒక సిఫార్సు చేసింది: 50 పడకల లోపు ఆసుపత్రి అయినా నెలకు 20 వేలకు తగ్గకూడదు. 20 మందికి 20 వేలంటే నెలకు 4 లక్షలు. ఇప్పుడు మీ బామ్మర్దిని అడగండి, వాళ్ల దగ్గర నిజంగా ఎంతమంది ఉన్నారో. నేను చూసిన చోట్ల ఏడెనిమిది మంది ఉంటారు, 12 గంటల డ్యూటీలు చేస్తారు, జీతం 10 నుంచి 15 వేలు. వాళ్లలో సగం మంది ఏఎన్ఎం అనే చిన్న కోర్సు చేసినవాళ్లో, అసలేమీ చేయకుండా చూసి నేర్చుకున్నవాళ్లో. సిఫార్సు సిఫార్సుగానే ఉండిపోయింది.

డాక్టరు చెడ్డవాడని నేననట్లేదు. బిల్డింగ్ అద్దె, స్కానింగ్ మిషన్ ఈఎంఐ, కరెంటు, డ్యూటీ డాక్టర్ జీతం, ఇవేవీ ఆగవు. ఆరోగ్యశ్రీ కేసు చేస్తే ప్రభుత్వం నుంచి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షలకు పెంచారు, పేదవాడికి మంచిదే. బిల్లులు మాత్రం పేరుకుపోయి, 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ హాస్పిటళ్లు బకాయిలివ్వాలంటూ సేవలే ఆపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పెద్ద కార్పొరేట్ హాస్పిటల్ నగదు పేషెంట్లతో, ఇన్సూరెన్స్‌తో నెట్టుకొస్తుంది. మన జిల్లా కేంద్రాల్లో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లై నడిపే 30 పడకల ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు. డబ్బు ఆగితే అందరికంటే ముందు ఆగేది అడగలేనివాళ్ల జీతం. కేసు పంపిన ఆర్‌ఎంపీకి కమీషన్ ఆలస్యం చేస్తే మరుసటి వారం కేసు పక్క హాస్పిటల్‌కు పోతుంది కాబట్టి అది మాత్రం టైముకు అందుతుంది. సిస్టర్ జీతం పదో తేదీ, ఇరవయ్యో తేదీ అవుతుంది.

అందుకే ఆమె అక్కడ ఉండదు. రెండేళ్లు చేసి, చెయ్యి తిరిగాక హైదరాబాద్‌కో ప్రభుత్వ ఉద్యోగానికో పోతుంది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ప్రభుత్వం నియామక పత్రాలిచ్చింది. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. కాంట్రాక్టు నుంచి కొందరు, ప్రైవేటు నుంచి కొందరు వచ్చారు. ఆ తర్వాత నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ, “వెంటిలేటర్ చూడగలిగిన ఇద్దరూ వెళ్లిపోయారు, సీరియస్ కేసు తీసుకోవాలంటే భయమేస్తోంది” అంది. కొరత అంటే ఇది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు బోలెడంత మంది. పని వచ్చి, ఇస్తామన్న జీతానికి నిలబడేవాళ్లు లేరు.

కాబట్టి మీ అమ్మాయి చేరాల్సింది డిగ్రీ కోసం మాత్రమే కాదు, పని నేర్పే చోటు కోసం. ఈ ఒక్క విషయంలో నా మాట గట్టిగా వినండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. కన్వీనర్ సీట్లు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది, ఎప్‌సెట్ ర్యాంకు చూస్తారు. మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట, ఆ తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్, ఇలా మెడికల్ కాలేజీలు వచ్చాక మన వైపు ప్రభుత్వ నర్సింగ్ సీట్లు కూడా పెరిగాయి. మొదటి ఆప్షన్లు అవే పెట్టండి. బోధనాసుపత్రి వార్డులో నాలుగేళ్లు తిరిగిన పిల్లకు చెయ్యి వణకదు.

ప్రైవేటు కాలేజీ అయితే సొంత ఆసుపత్రి ఉందా, అందులో పేషెంట్లున్నారా అన్నది చూడాలి. బోర్డు మీద 100 పడకలని రాసి ఉంటుంది. మీరు చెప్పకుండా, మామూలు రోజున పదకొండింటికి వెళ్లండి. దుప్పటి మడత నలగని మంచాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గేటు బయట మూడో సంవత్సరం అమ్మాయి ఎవరైనా కనిపిస్తే, “ఇప్పటిదాకా ఎన్ని డెలివరీలు చూశావమ్మా, సెలైన్ ఎక్కించే క్యాన్యులా నీ చేత్తో ఎన్ని పెట్టావు?” అని అడగండి. జవాబుకు ముందు ఆమె పక్కనున్న స్నేహితురాలి మొహం చూసిందంటే మీకు కావలసింది తెలిసిపోయినట్టే. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కోర్సు అయ్యాక ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే కాలేజీలున్నాయి. సీనియర్లను ఆ సంగతీ అడగండి.

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా అయితే మూడేళ్లే కదా అని కొందరంటారు. తెలంగాణ ప్రభుత్వ పోస్టులకు అది సరిపోతుంది. కానీ ఎయిమ్స్ వాళ్ల నార్‌సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నేరుగా కూర్చోవచ్చు, జీఎన్ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఎయిమ్స్‌లో మూల వేతనమే 44,900 రూపాయలు. బీబీనగర్ ఎయిమ్స్ మనకు ఎంత దూరం చెప్పండి? రాష్ట్రంలో నర్సింగ్ ఆఫీసర్ స్కేలు 36,750తో మొదలవుతుంది. 2024 నవంబరులో జరిగిన పరీక్షలో రాతకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 మార్కులు పెట్టారు. ఆరు నెలలకు రెండు మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర. ఇదే పద్ధతి ముందు ముందు కూడా ఉంటే, కోర్సు అయ్యాక అమ్రాబాద్ లాంటి గిరిజన ప్రాంతంలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చినా వదులుకోవద్దు.

అమెరికా సంగతి. అక్కడ నర్సుల అవసరం ఉంది, నిజమే. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 2023 నాటికి ప్రపంచం మొత్తం మీద 58 లక్షల మంది తక్కువ. అయితే అక్కడి ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసవ్వడం వేరు, వీసా రావడం వేరు. నర్సులు వెళ్లే గ్రీన్‌కార్డు కేటగిరీలో మనవాళ్ల క్యూ పదేళ్లు దాటింది. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క చెప్పారా? చెప్పి ఉండరు. జర్మనీ దారి కొంత దగ్గర, కానీ జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే తడుముకోకుండా మాట్లాడగలిగేంత, నేర్చుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ శిక్షణ ఇచ్చి పంపుతోంది, విచారించుకోవాలంటే అక్కడ. ఇప్పుడైతే ఎవరికీ ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకండి. అదంతా డిగ్రీ, రెండేళ్ల ఐసీయూ అనుభవం చేతికొచ్చాక ఆలోచించే విషయం.

మొదటి రెండేళ్లు జీతం తక్కువే, ముందే చెప్తున్నా. ఆ రెండేళ్లు మీ బామ్మర్ది హాస్పిటల్ లాంటి చోట కాకుండా ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్ ఉన్న చోట చేస్తే మూడో ఏడు ఆమె అడిగిన జీతం గురించి అవతలివాళ్లు ఆలోచిస్తారు. జనరల్ వార్డులో సెలైన్లు మార్చుతూ గడిపితే ఆలోచించరు.

ఒకటి మాత్రం మీ ఉత్తరంలో ఎంత వెతికినా కనపడలేదన్నా. బామ్మర్ది ఏమన్నాడో రాశారు, కన్సల్టెన్సీ వాళ్లు ఏమన్నారో రాశారు, పాప ఏమందో రాయలేదు. నానమ్మ దగ్గర ఆమె ఎనిమిది రాత్రులుంది. ఆ ఒక్క సిస్టర్ వార్డంతా ఎలా తిరిగిందో మీకంటే దగ్గర నుంచి చూసింది. అది చూశాక ఆ పని చేయాలనిపించిందా, పారిపోవాలనిపించిందా అని ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి. ఆప్షన్లు పెట్టే రోజు ఫోన్ చేయండి, ఫోన్ ఆమెకే ఇవ్వండి.